కుక్క అలిగిన వేళ

పళ్లెములోని అన్నము వాసన చూచి కుక్క మొగము త్రిప్పుకొన్నచో, గారాబము హెచ్చినదని మనము విసుగుకొందుము. ఆ యలుకను శాస్త్రవిషయముగా నెంచి గమనించినవారు రష్యా దేశీయులగు ఇవాన్ పావ్లోవుగారు. సెంట్ పీటర్సుబర్గు నగరమున ప్రయోగవైద్య సంస్థలో, 1891 నుండి, వారు శరీరధర్మశాఖ కధిపతులుగా నుండిరి.

వారు శస్త్రచికిత్సచే కుక్క అన్నవాహికను మెడయొద్ద తెరచి, తినిన మాంసము కడుపు చేరక వెలుపలికే జారిపడునట్లు చేసిరి. ఒక్క ముద్దయు లోనికి దిగలేదు. అయినను కొన్ని నిమిషములలోనే జఠరరసము సమృద్ధిగా స్రవించెను. మఱియొకప్పుడు కుక్కకు తెలియకుండ రొట్టెను తిన్నగా కడుపులో నుంచిరి. చాలసేపు రసము ఊరనే లేదు! తినవలెనను కోరికయే జీర్ణక్రియకు తొలిమెట్టని దీనివలన తేలినది. కుక్కలందును ఒకదాని రుచి వేరొకదానికి లేదు. మాంసము చూపి ఊరించి పెట్టకున్నచో, కొన్ని అవమానము జరిగినట్లు పెడమొగము పెట్టెడివట. మాకు కొందఱు కొత్తయల్లుండ్రు జ్ఞప్తికి వచ్చుచున్నారు.

జీర్ణక్రియపై జరిపిన యీ కృషికే 1904లో నోబెలు బహుమానము లభించినది. ఆ కుక్కల జఠరరసమును అజీర్ణరోగులకు ఔషధముగా విక్రయించిరి కూడ.

1917 నాటి విప్లవము వెనుక అంతర్యుద్ధము వచ్చినది. పెట్రోగ్రాడని పేరు మారిన ఆ నగరమున మనుష్యులకే రొట్టె కఱవయ్యెను. ఒకప్పుడు వడ్డించినదానిపై అలిగిన ప్రయోగశాలలోనే కుక్కలు ఆకలిచే మాడి మరణించినవి. 1921 జనవరిలో లెనిన్ ఉత్తరువుచే పావ్లోవు దంపతులకు రెట్టింపు బత్తెము మంజూరయ్యెను.