పాయింట్లు సమానమైతే ఎవరు ముందు?

ఫుట్‌బాల్ ప్రపంచకప్ గ్రూపు దశలో సాధారణంగా ఒక్కో గ్రూపులో నాలుగు జట్లు ఉంటాయి. ప్రతి జట్టూ మిగిలిన మూడింటితో ఒక్కోసారి తలపడుతుంది. గ్రూపు మొత్తానికి ఆరే మ్యాచ్‌లు. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి, ఓడితే సున్నా. ఇంత కొద్ది ఆటతో నాలుగు జట్లను వరుసలో నిలబెట్టాలనుకుంటే రెండు మూడు జట్లు ఒకే పాయింట్ల దగ్గర ఆగిపోవడం మామూలే. అప్పుడు ఎవరిని పైకి పంపాలి, ఎవరిని ఇంటిదారి పట్టించాలి అన్న ప్రశ్నకు చీటీ, మరో మ్యాచ్, భాగహారం, తీసివేత, చివరికి పసుపు కార్డుల లెక్క వరకు ఎన్నో జవాబులు వచ్చాయి. దాదాపు ప్రతి మార్పు వెనుకా తనకు అన్యాయం జరిగిందని కుమిలిపోయిన జట్టు ఒకటి ఉంది.

1930లో ఉరుగ్వేలో జరిగిన మొదటి ప్రపంచకప్‌లో ఈ చిక్కు రాలేదు. గ్రూపులో మొదట నిలిచిన జట్టే సెమీఫైనల్‌కు వెళ్లేది, ఆ మొదటి స్థానం నాలుగు గ్రూపుల్లోనూ స్పష్టంగా తేలిపోయింది. 1934, 1938 పోటీల్లో అసలు గ్రూపులే లేవు. చిక్కు ముదిరింది 1954లో, అదీ అసలు పోటీ మొదలుకాక ముందే.

ఆ ఏడు అర్హత పోటీల్లో స్పెయిన్, టర్కీ రెండే జట్లున్న గ్రూపులో పడ్డాయి. మాడ్రిడ్‌లో స్పెయిన్ 4-1తో గెలిచింది. ఇస్తాంబుల్‌లో టర్కీ 1-0తో గెలిచింది. గోల్స్ లెక్క చూసే నియమం లేదు కాబట్టి చెరో గెలుపుతో ఇద్దరూ సమానమే. మార్చి 17న రోమ్‌లో మూడో మ్యాచ్ పెట్టారు. అదనపు సమయం ఆడినా అది 2-2 దగ్గరే ఆగింది. ఇక మిగిలింది చీటీ. ఆ స్టేడియం ఉద్యోగి ఒకరి కొడుకు, పద్నాలుగేళ్ల కుర్రాడిని పిలిచి, కళ్లకు గంతలు కట్టి, చీటీ తీయించారు. టర్కీ పేరు వచ్చింది. మూడు మ్యాచ్‌ల్లో ఆరు గోల్స్ వేసి నాలుగు మాత్రమే ఇచ్చిన స్పెయిన్ ఇంట్లో కూర్చుంది.

స్విట్జర్లాండ్ చేరిన టర్కీకి అక్కడ నియమం ఎదురు తిరిగింది. ఆ ప్రపంచకప్‌లో గ్రూపుకు రెండు మేటి జట్లను ముందే ఎంచి, అవి మిగిలిన రెండింటితో మాత్రమే ఆడేలా ఏర్పాటు చేశారు. దాంతో ఒక్కో జట్టుకు రెండే మ్యాచ్‌లు వచ్చాయి. రెండో స్థానం కోసం సమానమైతే మళ్లీ ఆడాలి. టర్కీ దక్షిణ కొరియాను 7-0తో ఓడించి, పశ్చిమ జర్మనీ చేతిలో 1-4తో ఓడింది. పశ్చిమ జర్మనీ హంగరీ చేతిలో 3-8తో చిత్తయింది. ఆ మ్యాచ్‌కు జర్మన్ కోచ్ సెప్ హెర్బెర్గర్ ముఖ్యమైన ఆటగాళ్లు చాలామందిని పక్కన కూర్చోబెట్టాడు. ఎంత తేడాతో ఓడినా నష్టం లేనప్పుడు వాళ్లను అలసిపోనివ్వడం దేనికి? మళ్లీ ఆడిన మ్యాచ్‌లో టర్కీని 7-2తో ఓడించి ముందుకు వెళ్లాడు. జూలై 4న బెర్న్‌లో అదే హంగరీని 3-2తో ఓడించి కప్పు ఎత్తాడు. తరువాతి కాలపు గోల్ తేడా లెక్క అప్పుడు అమల్లో ఉంటే టర్కీకి నాలుగు మిగులు, జర్మనీకి రెండు లోటు. జర్మన్లు బెర్న్ దాకా వచ్చేవారే కాదు.

మళ్లీ ఆడించడం న్యాయమైన పద్ధతిలాగే కనిపిస్తుంది. తేలనిది మైదానంలోనే తేలాలి కదా. దాని ఖరీదు 1958లో స్వీడన్‌లో తెలిసింది. నాలుగు గ్రూపుల్లో మూడింటికి అదనపు మ్యాచ్ అవసరమైంది. జూన్ 17న ఉత్తర ఐర్లాండ్ చెకోస్లొవేకియాను, వేల్స్ హంగరీని, సోవియట్ యూనియన్ ఇంగ్లండ్‌ను ఓడించాయి. క్వార్టర్ ఫైనల్స్ 19నే. ఒక్క రోజు విశ్రాంతితో దిగిన ఆ మూడు జట్లూ ఓడిపోయాయి. వేల్స్‌ను ఇంటికి పంపిన ఏకైక గోల్ పదిహేడేళ్ల పెలేది, ప్రపంచకప్‌లో అతని తొలి గోల్ అదే. గెలిచిన జట్టుకే శిక్షగా మారిన ఆ అదనపు మ్యాచ్‌ను 1962 నాటికి వదిలేసి గోల్ సగటును తెచ్చారు.

గోల్ సగటు అంటే వేసిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించడం. ఇంగ్లండ్ లీగ్‌లో అప్పటికే పాతుకుపోయిన పద్ధతి అది. 1962లో ఇంగ్లండ్, అర్జెంటీనా మూడేసి పాయింట్లతో నిలిచాయి. ఇంగ్లండ్ నాలుగు వేసి మూడు ఇచ్చింది, అర్జెంటీనా రెండు వేసి మూడు ఇచ్చింది. భాగహారం ఇంగ్లండ్ వైపు మొగ్గింది. కానీ ఈ లెక్కలో ఒక వంకర ఉంది. ఎక్కువ వేసే జట్టు కన్నా తక్కువ ఇచ్చే జట్టుకే ఇందులో లాభం. అసలు గోలే ఇవ్వని జట్టు దగ్గర సున్నాతో భాగించాల్సి వచ్చి లెక్కే ఆగిపోతుంది.

ఈ వంకరను స్కాట్లండ్ జట్టు హార్ట్స్ అనుభవించినంతగా మరొకరు అనుభవించి ఉండరు. అది గ్రూపు దశ కథ కాదు, లీగ్ కథ. అయినా ఈ రెండు లెక్కల తేడా ఇంత స్పష్టంగా మరెక్కడా కనబడదు. 1965 ఏప్రిల్ 24న ఆఖరి మ్యాచ్‌లో కిల్మార్నక్ హార్ట్స్ సొంత మైదానానికి వచ్చి 2-0తో గెలిచింది. పాయింట్లు సమానం. హార్ట్స్ 90 గోల్స్ వేసి 49 ఇచ్చింది, కిల్మార్నక్ 62 వేసి 33 ఇచ్చింది. సగటు ప్రకారం హార్ట్స్ 1.84, కిల్మార్నక్ 1.88. టైటిల్ కిల్మార్నక్‌కు పోయింది. తీసివేతతో చూస్తే హార్ట్స్‌కు 41 మిగులు, కిల్మార్నక్‌కు 29 మాత్రమే. ఇరవై ఒక్క ఏళ్ల తరువాత, 1986లో, పాయింట్లు మళ్లీ సమానమయ్యేసరికి గోల్ తేడా నియమం వచ్చేసింది. హార్ట్స్ 59 వేసి 33 ఇచ్చింది, సెల్టిక్ 67 వేసి 38 ఇచ్చింది. ఈసారి తేడా సెల్టిక్‌కు 29, హార్ట్స్‌కు 26. పాత సగటే ఉండి ఉంటే టైటిల్ హార్ట్స్‌దే.

ప్రపంచకప్‌లో గోల్ తేడా 1970లో మెక్సికోలో అమల్లోకి వచ్చింది. నెట్ రన్‌రేట్ కోసం ఆఖరి ఓవర్లలో వేళ్ల మీద లెక్కలు వేసుకునే క్రికెట్ అభిమానికి దీన్ని వివరించనక్కర్లేదు. విచిత్రమేమంటే తొలిసారే అది చేతులెత్తేసింది. సోవియట్ యూనియన్ 6-1, మెక్సికో 5-0, రెండింటికీ తేడా ఐదే. ఎక్కువ గోల్స్ వేసినవాళ్లు ముందు అన్న మెట్టు అప్పటికి లేదు. చీటీ తీస్తే సోవియట్ యూనియన్‌కు మొదటి స్థానం వచ్చింది. ఆతిథ్య జట్టు తన అజ్టెకా స్టేడియాన్ని వదిలి టొలూకా వెళ్లి ఇటలీ చేతిలో 1-4తో ఓడింది. తరువాత వేసిన గోల్స్ సంఖ్యను కూడా లెక్కలో చేర్చారు. 1982లో ఇటలీ, కామెరూన్ మూడేసి డ్రాలతో సమానమైనప్పుడు రెండు గోల్స్ వేసిన ఇటలీ ముందుకెళ్లింది, ఒకటి వేసిన కామెరూన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండానే వెనుదిరిగింది. ఆ కప్పు ఇటలీయే గెలిచింది.

గోల్ తేడాతో మరో ప్రమాదం ఉంది: తరువాత ఆడేవాడికి ఎంత కావాలో ముందే తెలిసిపోతుంది. 1978 రెండో గ్రూపు దశలో బ్రెజిల్ పోలండ్‌పై 3-1తో గెలిచి ఎదురుచూసింది. ఆ తరువాత రొసారియోలో దిగిన అర్జెంటీనాకు పెరూపై నాలుగు గోల్స్ తేడా కావాలని అప్పటికే తెలుసు. ఆరు వేసింది. నాలుగేళ్లకు ఈ పాపం పండింది.

1982 జూన్ 24న అల్జీరియా చిలీతో తన ఆఖరి గ్రూపు మ్యాచ్ ఆడింది. అంతకు ముందే పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించి లోకాన్ని విస్మయపరిచిన జట్టది. విరామానికి 3-0తో ముందుంది, తరువాత రెండు ఇచ్చుకుని 3-2తో గెలిచింది. ఆ రెండు గోల్సే దాని కొంప ముంచాయి. మర్నాడు హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా బరిలో దిగేసరికి లెక్క తేటతెల్లంగా ఉంది. జర్మనీ ఒకటి లేదా రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరూ పైకి, అల్జీరియా ఇంటికి. పదో నిమిషంలో హోర్స్ట్ హ్రుబెష్ గోల్ వేశాడు. తరువాత ఎనభై నిమిషాలూ బంతి ఒకరి కాలి నుంచి మరొకరి కాలికి నింపాదిగా తిరిగింది. అల్జీరియా అభిమానులు నోట్ల కట్టలు ఊపుతూ ఇది అమ్ముడుపోయిన ఆట అని అరిచారు. అల్జీరియా ఫిర్యాదును ఫిఫా తోసిపుచ్చింది, ఏ నియమమూ ఉల్లంఘన కాలేదు గనక. నిజానికి చిలీపై ఆ 3-0 నిలిచి ఉంటే అదే 1-0 ఫలితంతో ఆస్ట్రియా వెళ్లిపోయి అల్జీరియా మిగిలేది. 1986 ప్రపంచకప్ నుంచి గ్రూపులో ఆఖరి రెండు మ్యాచ్‌లూ ఒకే సమయానికి మొదలవుతున్నాయి. ఈ చరిత్రలో అందరికీ మేలు చేసిన మార్పు ఇదొక్కటే అనిపిస్తుంది.

చీటీ మాత్రం పూర్తిగా పోలేదు. 1990లో ఐర్లాండ్, నెదర్లాండ్స్ మూడేసి డ్రాలతో, వేసినవి రెండు ఇచ్చినవి రెండుగా అచ్చు ఒకేలా నిలిచాయి. చీటీలో ఐర్లాండ్‌కు రెండో స్థానం, రొమేనియా ప్రత్యర్థి. పెనాల్టీలలో గట్టెక్కింది. మూడో స్థానం వచ్చిన నెదర్లాండ్స్ పశ్చిమ జర్మనీకి తగిలి 1-2తో ఓడింది. 1994లో గెలుపుకు రెండు పాయింట్ల బదులు మూడు ఇచ్చినా చిక్కు వీడలేదు. ఒక గ్రూపులో మెక్సికో, ఐర్లాండ్, ఇటలీ, నార్వే నాలుగూ నాలుగేసి పాయింట్లు, సున్నా గోల్ తేడాతో ముగించాయి. ఒక్క గోలే వేసిన నార్వే బయటికి పోయింది.

నియమం ఆటను ఎంత వంచగలదో అదే ఏడాది జనవరి 27న కరీబియన్ కప్ అర్హత పోటీలో కనబడింది. గ్రెనడాపై బార్బడోస్ రెండు గోల్స్ తేడాతో గెలవాలి. అదనపు సమయంలో వేసిన గోల్డెన్ గోల్‌ను, అంటే ఆటను అక్కడికక్కడే ముగించే గోల్‌ను, రెండుగా లెక్కిస్తామని నిర్వాహకులు నియమం పెట్టారు. 2-0తో ముందున్న బార్బడోస్ 83వ నిమిషంలో ఒక గోల్ ఇచ్చింది. మిగిలిన కొద్ది నిమిషాల్లో ఇంకొకటి వేయడం కష్టమని తేలాక, 87వ నిమిషంలో బార్బడోస్ ఆటగాళ్లు కావాలనే సెల్ఫ్ గోల్ వేసుకున్నారు. 2-2 అయితే అదనపు సమయం వస్తుంది, అక్కడ ఒక్క గోల్ రెండవుతుంది. ఎత్తు గ్రహించిన గ్రెనడా ఏ గోల్‌లో వేసినా తనకు చాలునని రెండు వైపులకూ పరుగెత్తింది. బార్బడోస్ తన గోల్‌నీ ప్రత్యర్థి గోల్‌నీ ఒకేసారి కాపాడింది. అదనపు సమయంలో ఒక గోల్ వేసి 4-2తో ముందుకెళ్లింది.

బలహీన జట్టును చితక్కొట్టినవాడికి గోల్ తేడా మేలు చేస్తుందన్న విమర్శ పాతది. యూరో పోటీల్లో 1996 నుంచి సమానమైన జట్ల మధ్య జరిగిన మ్యాచ్‌ను ముందు చూస్తున్నారు. ఆ ఏడు గోల్ తేడాలో వెనుకబడినా, ఇటలీని 2-1తో ఓడించిన చెక్ రిపబ్లిక్ ముందుకెళ్లి ఫైనల్ దాకా చేరింది. మూడు జట్లు సమానమైతే నాలుగో జట్టుతో ఆడినవి తీసేసి ఆ ముగ్గురికే చిన్న పట్టిక వేస్తారు. 2004లో ఇటలీ, డెన్మార్క్‌తో 0-0, స్వీడన్‌తో 1-1. మిగిలిన ఇద్దరూ 2-2 చేసుకుంటే చాలు, ఇటలీ బల్గేరియాపై ఎన్ని వేసినా లాభం లేదు. 89వ నిమిషంలో స్వీడన్ గోల్‌తో అచ్చంగా 2-2 అయింది. దక్షిణాఫ్రికాకైతే ఈ నియమం ఆలస్యంగా తెలిసింది. 2011 అక్టోబర్‌లో సియెరా లియోన్‌తో 0-0 డ్రా చేసుకుని, గోల్ తేడాతో ఆఫ్రికా కప్‌కు వెళ్లామనుకుని ఆటగాళ్లు మైదానంలో సంబరం చేసుకున్నారు. అక్కడి నియమం ముఖాముఖి ఫలితాలది, అర్హత నైజర్‌ది.

ఫిఫా 2018లో చీటీకి ముందు మరో మెట్టు పెట్టింది: క్రమశిక్షణ. పసుపు కార్డుకు ఒక పాయింటు, నేరుగా వచ్చిన ఎర్ర కార్డుకు నాలుగు కోత. జపాన్, సెనెగల్ పాయింట్లలో, గోల్స్‌లో, పరస్పర మ్యాచ్‌లో కూడా సమానం. జపాన్‌కు నాలుగు పసుపు కార్డులు, సెనెగల్‌కు ఆరు. పోలండ్ చేతిలో 0-1తో ఓడుతున్న జపాన్, సమారాలో సెనెగల్ కూడా కొలంబియాపై అంతే వెనుకబడిందని తెలిసి, ఆఖరి పది నిమిషాలు వెనుకే బంతిని అందించుకుంటూ గడిపింది. స్టేడియం అంతా ఈలలే. సెనెగల్ ఒక్క గోల్ వేసి ఉంటే ఆ పందెం బెడిసికొట్టేది.

48 జట్ల 2026 ప్రపంచకప్‌కు ఫిఫా నియమావళి ముఖాముఖి ఫలితాన్ని గోల్ తేడాకు ముందుకు జరిపింది. చివరి మెట్టుగా చీటీ బదులు ఫిఫా ర్యాంకింగ్‌ను పెట్టింది. పన్నెండు గ్రూపుల మూడో స్థానాల నుంచి ఎనిమిది జట్లను ఏరాలి. వేర్వేరు గ్రూపుల ఆ జట్లు ఒకదానితో ఒకటి ఆడి ఉండవు గనక, వాటి మధ్య పాయింట్ల తరువాత చూసేది పాత గోల్ తేడానే. గ్రూపులు వేర్వేరు రోజుల్లో ముగుస్తాయి. ఆఖర్న ఆడే గ్రూపుకు ఎన్ని గోల్స్ చాలో ముందే తెలుస్తుంది.