కళ్లములోని రాశి



కురబలకోట యను పేరులోనే కురబలున్నారు. గొఱ్ఱెలు మేపి, ఉన్ని వడికి, కంబళ్లు నేసినవారు వారు. ఊరి పేరు వారిని మఱవలేదు. శాసనములు మాత్రము అట్టివారిని తఱచుగా మఱచినవి. పూర్వము మన సీమలో ఏ వర్గమువా రెట్లు జీవించిరో తెలియవలెనన్న రాజుల వంశావళి చాలదు. నన్నడిగినచో కళ్లమునొద్దకు పోవలెనందును.

విజయనగర కాలమున గ్రామవృత్తులవారిని ఆయగాండ్రనిరి. పన్నిద్దఱని వాడుక, ఊరూరికి ఆ వరుస కొంత మాఱుచుండెడిది. రెడ్డి, కరణము, పురోహితుడు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి, వెట్టి, నీరుగట్టి, తోలుపని చేయు మాదిగ—వీరు సామాన్యముగా కనబడువారు. వీరికి నెలజీతము లేదు. కొంత మాన్యమును, పంటనాడు రాశిలో కొంత భాగమును వీరికి ముట్టెడివి. ఆ భాగమునకే ఆయమని పేరు.

ఆ పద్ధతి చివరి దినములను నేను బాల్యమున మదనపల్లె ప్రాంతమున ఒక పల్లెలో చూచితిని. పురోహితుని ధాన్యము ఆయన యింటికే పోయెను. కరణము చాపపై కూర్చుండి లెక్క వ్రాసెను. చాకలి, మంగలి గంపలతో నిలిచిరి. మాదిగ పెద్ద కళ్లము అంచునకు ఆవల నిలిచియుండెను. కపిలకు తోలుతొండము కుట్టినవాడతడే. అతడు లేనిదే ఎద్దులెంత నడచినను బావినీరు మడికి చేరదు. అతనికి దక్కినది రాశి యడుగున మన్ను కలసిన గింజలు. అతని భార్య వానిని చేటతో చెఱిగి, చెఱిగి, కొంగున కట్టుకొనినది నాకిప్పటికిని కన్నులయెదుట నున్నది.

పూర్వపు పల్లెలో అందఱును కలసిమెలసి బ్రదికిరని కొందఱందురు. నేనందులో సగమే యొప్పుకొందును. ఆయము భిక్ష కాదు, హక్కు, అది నిజమే. కాని హక్కులన్నియు సమానములు కావు. పైగా పంట లేనినాడు ఆయమును లేదు. 1876లో వచ్చిన ధాత కఱవున గాదెలో గింజలున్నవారు కొన్నాళ్లు నిలిచిరి. కూలివారును చేతిపనివారును ముందుగా కూలిరి.

కడప సీమలో పోరుమామిళ్ల చెఱువున్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని త్రవ్వించి 1369లో శాసనము వేయించెను. మంచి చెఱువునకు పండ్రెండు అంగములు కావలెనని అందున్నది. జలశాస్త్రమెఱిగిన బ్రాహ్మణుడు అందొకడు. దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరనియు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు నడచెననియు, పని రెండేండ్లు సాగెననియు చెప్పబడినది. రాజు పేరున్నది, రాజకుమారుని పేరున్నది. ఆ వేయిమందిలో ఒక్కని పేరైనను లేదు. బండ్ల లెక్క చెప్పినందుకే మనము సంతోషింపవలసియున్నది!

ఇది మన దేశపు వింత మాత్రమే కాదు. మధ్య అమెరికాలో మాయా జాతివారు క్రీస్తుశకము 250 మొదలు 900 వఱకు గొప్ప నగరములలో వర్ధిల్లిరి. వారి టికాల్ నగరమునకు ఏఱు లేదు. మనవలెనే వాననీటిని నిలువచేసికొని బ్రదికిరి. బండి లాగు పశువులు వారికి లేవు. నొసటికి పట్టె తగిలించుకొని మనుష్యులే వీపున బరువులు మోసిరి. అచ్చటను రాతిపలకలపై నిలిచినది రాజుల చరిత్రయే. మొక్కజొన్న పండించి, రాళ్లు మోసినవాని పేరు కానరాదు.

మన ప్రాంతమున చెఱువు త్రవ్వించినవారికిని, బాగుచేయించినవారికిని దశబంధమను మాన్యమిచ్చుట కలదు. కనుక చెఱువు పెట్టించినవాని పేరు కొంత నిలిచినది. కాని వానకాలపు నడిరేయి గొంగడి కప్పుకొని కట్టపై తిరిగి, తూము కనిపెట్టినవాడు నీరుగట్టి. కట్ట తెగినచో ఊరు మునుగును. తెగనిచో వానిని తలచువాడుండడు.

1984లో కరణము, మునసబు పదవులు రద్దయినవి. వారి లెక్కలలో కొన్నియైనను కచ్చేరులలో మిగిలినవి. నీరుగట్టికి లెక్కపుస్తకము లేదు. మీ ఊరి చెఱువునకు మీ తాతలనాడు నీరుగట్టి యెవరో, ఆతని యింటిపేరేమో మీలో కొందఱికి జ్ఞాపకముండును. ఈ రాత్రి మనుమని పిలిచి, ఒక కాగితముపై ఆ పేరు వ్రాయింపుడు.