రామానుజన్‌కు లభించిన విద్యార్థి వేతనము

శ్రీనివాస రామానుజన్ 1904లో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో విద్యార్థి వేతనముతో చేరెను. గణితము తప్ప తక్కిన పాఠములపై మనసు నిలువక పరీక్ష తప్పెను, వేతనము పోయెను. 1905లో ఇంట చెప్పక విశాఖపట్టణమునకు వెడలిపోయెను. పిదప చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో చేరినను ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు.

1910లో నోటు పుస్తకము చంకనిడుకొని, నెల్లూరు కలెక్టరు దివాన్ బహద్దూర్ రామచంద్రరావుగారిని ఆశ్రయించెను. ఆయన కోరినది ధనము కాదు, లెక్కలు చేసికొనుటకు తీరిక. రావుగారు పుస్తకము పరికించి, కొంతకాలము నెలనెలా సొంత సొమ్ము నిచ్చిరి. వేతనమునకై చేసిన యత్నములు మాత్రము ఫలింపలేదు. పరుల సొమ్ముపై జీవించుట కిష్టపడక రామానుజన్ 1912లో పోర్టు ట్రస్టున 30 రూపాయల గుమాస్తాపనిలో కుదిరెను.

1913లో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి లేఖ వ్రాసెను. హార్డీ ప్రశంస చెన్నపట్టణమున వినబడెను. పట్టము లేకున్నను, విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల పరిశోధన వేతనమును రెండేండ్లకు మంజూరు చేసెను. మూడు మాసముల కొకమారు నివేదిక సమర్పించుట షరతు. 1914లో ఇంగ్లండు చదువునకు సాలుకు 250 పౌనులు నిచ్చెను. 1918లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

పోయిన వేతనము తిరిగి లభించుటకు సుమారు ఎనిమిదేండ్లు పట్టెను. నడుమ నెల్లూరు కలెక్టరు ఆ పుస్తకమును విప్పి చూడకున్నచో ఏమయ్యెడిదో!