తోడు

ఆవడిలో ఒక తెలుగింటావిడ “తోడుంటే కొంచెం ఇస్తారా” అని అడిగితే పక్కింటి తమిళావిడ చెవి తడుముకున్నా తడుముకుంటుంది. తమిళంలో తోడంటే చెవికి పెట్టుకునేది. పాలలో వేసే మజ్జిగచుక్కకు వాళ్ల మాట ‘ఉరై’.

మన తోడు చాలాచోట్ల తిరిగే మాట. తోడబుట్టినవాడిలో ఉంది, తోడల్లుడిలో ఉంది, తోడుదొంగలోనూ ఉంది. వెంట ఉండటమే దాని పని. ఎవరి వెంట, ఎందుకు అని అడగదు. సంస్కృత ‘సహాయం’ కూడా కలిసి వెళ్లడంలోంచే పుట్టింది. కానీ వాడుకలో దానికి మేలు అనే వాసన పట్టేసింది. అందుకే మయస్తీనియా గ్రేవిస్ అనే కండరాల జబ్బు గురించి చదువుతూ ‘సహాయక టి కణాలు’ అన్నచోట నాకు చిరాకేస్తుంది.

1895లో యోలి అనే వైద్యుడు పేరుపెట్టిన ఈ జబ్బులో పొద్దున బాగున్న రెప్పలు సాయంత్రానికి వాలిపోతాయి. అన్నం నమలడమే అలసట. నరం వదిలే ఎసిటైల్‌కోలిన్‌ను అందుకునే గ్రాహకాలు కండరం మీద ఉంటాయి. చాలామంది రోగుల్లో సొంత యాంటీబాడీలే వాటిని పాడుచేస్తాయి. 1973లో ప్యాట్రిక్, లిండ్‌స్ట్రామ్ అనే పరిశోధకులు విద్యుత్ ఈల్ చేప గ్రాహకాన్ని కుందేళ్లకు ఎక్కిస్తే వాటి కండరాలూ ఇలాగే సడలాయి.

ఆ యాంటీబాడీలను చేసేవి బి కణాల సంతతి. టి కణం కండరం జోలికే వెళ్లనక్కర్లేదు. బి కణం గ్రాహకాన్ని మింగి, ముక్కలు చేసి, పైన పెట్టి చూపిస్తుంది. ఆ ముక్కను గుర్తుపట్టిన సిడి4 టి కణం, అంటే ఆ ‘సహాయక’ కణం, సంకేతమిస్తేనే బి కణం గట్టిగా పట్టే ఐజీజీ రకం యాంటీబాడీల తయారీకి దిగుతుంది. పాలెన్ని ఉన్నా తోడు పడందే పెరుగు కాదు. పులిసిన తోడు వేస్తే పెరుగూ పులుపే. టి కణాలు ఎదిగేది థైమస్ గ్రంథిలో, ఆ ‘టి’ దాని పేరే. చాలామంది రోగుల్లో బి, టి కణాలు గుమిగూడేది కూడా అక్కడే. థైమస్‌లో కణితి లేకపోయినా గ్రంథిని తీసేస్తే కండరబలం మెరుగుపడుతుందని 2016లో వెలువడిన పరీక్ష ఫలితాలు చూపించాయి. రోజూ వేసుకునే పిరిడోస్టిగ్మిన్ మాత్ర ఈ గొడవలోకి రాదు. ఉన్న ఎసిటైల్‌కోలిన్‌ను కాసేపు ఎక్కువ నిలుపుతుంది, అంతే.

పోనీ తోడునే వదిలించుకుందామా? హెచ్ఐవి నాశనం చేసేది ఈ సిడి4 కణాలనే. అజాథయోప్రిన్ లాంటి మందులకు తోడబుట్టిందేదో తోడుదొంగ ఏదో తెలియదు, రెంటినీ అణుస్తాయి. ఆ మందు మీదున్నవాళ్లకు జ్వరం తగిలితే ఆలస్యం చేయకుండా రమ్మని డాక్టర్లు చెప్పేది అందుకే.