ఆకాశంలో ఇరుగుపొరుగు: హామ్ రేడియో గొంతు సవరించుకున్న కథ

చాలా ఏళ్ల క్రితం ఒక మిత్రుడి ఇంట్లో, మేడమీది చిన్న గదిలో కూర్చుని, జీవితంలో మొదటిసారి హామ్ రేడియో విన్నాను. అతను మైకు పట్టుకుని పిలుస్తున్నాడు. ఎవరూ పలకడం లేదు. పావుగంట చూసి 'మైక్ గెయిన్' అనే మీటను కుడివైపుకి బాగా తిప్పాడు. మీటరులో ముల్లు ఎగిరెగిరి పడింది. అతని మొహంలో సంతోషం. పలికింది మాత్రం అతను ఎదురుచూస్తున్న విదేశీయుడు కాదు, రెండు జిల్లాల అవతలి పెద్దాయన. "బాబూ, నువ్వు మాట్లాడుతున్నది ఒక చోట, వినిపిస్తున్నది నాలుగు చోట్ల. ఆ గెయిన్ కాస్త వెనక్కి తిప్పు నాయనా" అన్నాడాయన. మిత్రుడి మొహం చిన్నబోయింది.

ఒక్క మీట ఇటు తిప్పితే నాలుగు చోట్ల ఎందుకు వినిపిస్తుంది? అసలు మన గొంతు ఎలా ఉందో అవతలివాళ్లు చెబితే తప్ప మనకి ఎందుకు తెలీదు? ఈ ప్రశ్నల వెంట వెళ్లిన నాకు వందేళ్ల చరిత్ర దొరికింది.

హామ్ రేడియో అంటే లాభాపేక్ష లేకుండా, ప్రభుత్వ అనుమతితో, సరదాకీ ప్రయోగానికీ వైర్‌లెస్ కేంద్రం నడపడం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఈ సరదా ఉన్న కుర్రాళ్లకి దొరికిన సాధనం స్పార్క్ ట్రాన్స్‌మిటర్. రెండు లోహపు మొనల మధ్య మిణుగురు ఎగిరితే తరంగం పుడుతుంది. కానీ ఆ తరంగం ఒక్క పౌనఃపున్యానికి కట్టుబడి ఉండదు. చెరువులో బండరాయి వేసినట్టు విశాలంగా పరుచుకుంటుంది. ఊళ్లో ఒకడు కీ నొక్కితే మిగతావాళ్లంతా చెవులు మూసుకోవాల్సిందే. కుర్రాళ్లు తమ సందేశాలకి అడ్డొస్తున్నారని, దొంగ సందేశాలు కూడా పంపుతున్నారని అమెరికా నౌకాదళం గోలపెట్టింది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు పత్రికల్లో వచ్చిన తప్పుడు వార్తలకి కూడా వీళ్లమీదే నింద పడింది. ఆ ఏడాదే వచ్చిన చట్టం ఔత్సాహికులందరినీ 200 మీటర్లు, అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యాలకి నెట్టేసింది. అవి ఎందుకూ పనికిరావని అప్పటి పెద్దల నమ్మకం. దూరదేశాలతో మాట్లాడటానికి బంగారు గని అవే అని తరువాత తేలింది. అది వేరే కథ.

ఇరుకు జాగాలో అంతమందీ కలిసి బతకడం ఎలా? చట్టం చెప్పలేని ఈ సంగతిని ఒక హాస్య రచయిత తలకెత్తుకున్నాడు. 1914లో అమెరికన్ రేడియో రిలే లీగ్ ఏర్పడింది. 1915 డిసెంబర్‌లో దాని పత్రిక క్యూ.ఎస్.టి. మొదలైంది. అందులో 'ది ఓల్డ్ మ్యాన్' పేరుతో ఒకాయన చిరాకు, చమత్కారం కలిపి వ్యాసాలు రాసేవాడు. పక్కవాడి మాట వినకుండా కీ మీద కూర్చునేవాళ్లనీ, అర్థంపర్థం లేకుండా అరగంటసేపు పిలుస్తూనే ఉండేవాళ్లనీ చీల్చి చెండాడేవాడు. అలాంటివాళ్లని శిక్షించడానికి 'వఫ్ హాంగ్' అనే భయంకరమైన సాధనం ఉందని రాశాడు. అదేమిటో ఎవరికీ తెలీదు. చివరికి 1919లో చెక్క ముక్కలూ తీగా కలిపి కట్టిన ఒక వింత వస్తువు, అదే వఫ్ హాంగ్ అంటూ లీగ్‌కి చేరింది. దాన్ని ఇప్పటికీ ఆ సంస్థ భద్రపరిచింది. ఇంతకీ ఆ ముసలాయన ఎవరు? లీగ్ స్థాపకుల్లో ఒకడూ, దాని అధ్యక్షుడూ అయిన హైరమ్ పెర్సీ మ్యాక్సిమ్. ఈ రహస్యం 1936లో ఆయన పోయిన తర్వాత గానీ బయటపడలేదు. చట్టం పోలీసుని పంపితే ఎదురుతిరిగే కుర్రాళ్లు, తమలోంచే ఒకడు వెక్కిరిస్తే తల దించుకున్నారు. నాకు ఇందులో చాలా తెలివి కనిపిస్తుంది.

ఇప్పటికీ హామ్‌లు ఒకరినొకరు 'ఓ.ఎం.' అని సంబోధించుకుంటారు. ఓల్డ్ మ్యాన్ అనే. పదిహేనేళ్ల కుర్రాడైనా ఓ.ఎం. గారే! 1928లో పాల్ సీగల్ అనే హామ్ ఔత్సాహికుడికి ఉండవలసిన ఆరు లక్షణాలతో ఒక నియమావళి రాశాడు. అందులో మొదటిది ఇతరుల సంగతి ఆలోచించడం: తెలిసి తెలిసి మరొకరి ఆనందాన్ని తగ్గించేలా కేంద్రం నడపకూడదన్నమాట.

ఇక గొంతు సంగతికి వద్దాం. తీగ లేకుండా మాటను పంపిన మొదటివాడు రెజినాల్డ్ ఫెసెండెన్. 1900 డిసెంబర్‌లో సుమారు ఒక మైలు దూరానికి పంపాడు. స్పార్క్‌తో చేసిన ఆ ప్రయోగంలో గరగర ఎక్కువ, మాట తక్కువ. వాక్యూమ్ వాల్వులు వచ్చాక నిలకడగా సాగే వాహక తరంగం చేతికొచ్చింది. ఆ తరంగం ఎత్తును మాటకు తగినట్టు పెంచుతూ తగ్గిస్తూ పోతే అదే యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్, మన ఆకాశవాణి మీడియం వేవ్ పద్ధతి. ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, పూర్తిగా మాడ్యులేట్ చేసినా మూడింట రెండు వంతుల శక్తి వాహక తరంగానికే పోతుంది. మోసుకెళ్లే బండికే ఎక్కువ మేత, సరుకుకి తక్కువ అన్నమాట. రెండోది ఇంకా చెడ్డది. రెండు కేంద్రాల వాహక తరంగాల మధ్య ఒక కిలోహెర్ట్జ్ తేడా ఉంటే వినేవాడి రేడియోలో ఒక కిలోహెర్ట్జ్ ఈల మోగుతుంది. బ్యాండ్ నిండా మనుషులుంటే బ్యాండ్ నిండా ఈలలే.

1915లో బెల్ వ్యవస్థ ఇంజనీరు జాన్ కార్సన్ గణితంతో ఒక సంగతి తేల్చాడు. మాట ఉండేది వాహక తరంగంలో కాదు, దానికి అటూ ఇటూ పుట్టే పక్క పట్టీల్లో. పైగా ఆ రెండూ ఒకదానికొకటి అద్దంలో నీడలు. అలాంటప్పుడు వాహక తరంగాన్నీ, ఒక పట్టీనీ తీసేసి రెండోది మాత్రం పంపితే చాలు. దీన్నే సింగిల్ సైడ్‌బ్యాండ్ అంటారు. 1927లో లండన్, న్యూయార్క్‌ల మధ్య మొదలైన వైర్‌లెస్ టెలిఫోను ఈ పద్ధతిలోనే నడిచింది. హామ్‌లలో ఒకరిద్దరు 1930లలో ప్రయత్నించారు గానీ పట్టించుకున్నవాళ్లు లేరు. 1947లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం రేడియో క్లబ్బులో ఆస్వాల్డ్ విలార్డ్, అతని విద్యార్థులు దీన్ని గాలిలోకి వదిలాక అసలు దుమారం మొదలైంది.

పాత రేడియోలో సైడ్‌బ్యాండ్ వింటే బాతు కూసినట్టుంటుంది. పాతవాళ్లు ఆ గొంతుల్ని ఈసడించారు. కొత్తవాళ్లు పాతవాళ్ల ఈలల్ని ఈసడించారు. ఒకరి మాట మధ్యలోకి ఒకరు కావాలని చొరబడటం వరకూ వెళ్లింది. చివరికి లెక్కలు గెలిచాయి. పాత పద్ధతిలో ఒక్కో సంభాషణకి ఆరు కిలోహెర్ట్జ్ కావాలి. సైడ్‌బ్యాండ్‌కి మూడు చాలు. అంటే నూరు కిలోహెర్ట్జ్‌ల జాగాలో పదహారు జంటలు మాట్లాడుకునే చోట ముప్పై మూడు జంటలు మాట్లాడుకోవచ్చు. 1950ల మధ్యలో అమెరికా వైమానిక దళపు కర్టిస్ లమే, తానూ హామే కావడంతో, ఈ పద్ధతిని విమానాల్లో పరీక్షించాడు. ఆపైన ఇక అనుమానాలు మిగల్లేదు.

మిత్రుడి మీట కథ ఇక్కడే తగులుతుంది. సైడ్‌బ్యాండ్‌లో మీరు మౌనంగా ఉంటే ట్రాన్స్‌మిటర్ దాదాపు ఏమీ పంపదు. బయటికి వెళ్లేది మీ గొంతే. అంచేత గొంతు పెంచితే దూరం పెరుగుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. కానీ ఏ యాంప్లిఫైయర్‌కైనా ఒక కప్పు ఉంటుంది. తరంగ శిఖరాలు దానికి తగిలాయంటే నెత్తి చదునైపోతుంది. చదునైన ప్రతి శిఖరం, గొంతులో లేని కొత్త పౌనఃపున్యాల్ని పుట్టిస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. ట్రాన్స్‌మిటర్లను పరీక్షించేవాళ్లు మైకులోకి 700, 1,900 హెర్ట్జ్‌ల రెండు స్వరాలు పంపుతారు. యాంప్లిఫైయర్ నిజాయితీగా ఉంటే బయటికి వచ్చేవీ ఆ రెండే. అది అదుపు తప్పితే ఒకదానికి రెండింతలు చేసి రెండోదాన్ని తీసేసిన చోట్ల కొత్తవి మొలుస్తాయి. రెండు పందొమ్మిది వందల్లోంచి ఏడు వందలు తీసేస్తే 3,100. అది పట్టీకి ఒక అంచు దాటింది. రెండు ఏడు వందల్లోంచి పందొమ్మిది వందలు తీసేస్తే సున్నాకి 500 దిగువన. అంటే ఫిల్టరు కష్టపడి తీసేసిన రెండో పట్టీ వైపుకి! ఇంకాస్త అదుపు తప్పితే 4,300 దగ్గర ఒకటి, సున్నాకి 1,700 దిగువన మరొకటి. ఫిల్టరు తర్వాతే యాంప్లిఫైయర్ ఉంది కాబట్టి వీటిని ఆపే నాథుడు లేడు. రెండు స్వరాలకే ఇంత ఉంటే, వందల స్వరాలు కలిసిన మనిషి గొంతు మాటేమిటి? పెద్దాయన చెప్పిన 'నాలుగు చోట్లు' ఇవే. మిత్రుడి మాట ఆయనకి పక్క పౌనఃపున్యంలో చిటపటలుగా వినిపించింది. మిత్రుడికి మాత్రం ముల్లు ఎగరడమే కనిపించింది.

పోనీ, గెయిన్ తగ్గిస్తే మాట అందకుండా పోదా? పోదనే శాస్త్రం చెబుతోంది. బెల్ ప్రయోగశాలల్లో హార్వే ఫ్లెచర్ బృందం ఎన్నో ఏళ్లపాటు మనుషుల చేత అర్థంలేని అక్షరాలు వినిపించి, ఏది అందుతుందో ఏది అందదో లెక్కగట్టింది. గొంతు బలంలో ఎక్కువ భాగం కింది స్థాయిలో, అచ్చుల్లో ఉంటుంది. అర్థాన్ని విడదీసేది పై స్థాయిలోని హల్లులు. 'పాలు' అన్నామా, 'తాలు' అన్నామా, 'కాలు' అన్నామా అన్నది క్షణకాలపు చిన్న చప్పుడులోనే తేలుతుంది. తర్వాత వచ్చే దీర్ఘం మూడింటికీ ఒకటే. కాబట్టి 300 హెర్ట్జ్‌ల దిగువన ఉన్న గంభీరమైన గర్జనంతా వాట్లు తినడానికే. ఆకాశవాణి వార్తల గొంతు కావాలని బాస్ పెంచుకునే హామ్‌లకి ఈ మాట రుచించదు. నేను చెప్పి చూశాను.

ఇంకో వింత కూడా ఉంది. తరంగం తలనీ తోకనీ పూర్తిగా నరికేసి, పైకీ కిందికీ దూకే గీతగా మార్చినా మాటలు చాలావరకు అర్థమవుతాయని లిక్లైడర్, పొలాక్ 1948లో చూపించారు. స్పీచ్ ప్రాసెసర్ ఆధారం ఇదే: చిన్న చప్పుళ్లని పైకెత్తడం, పెద్దవాటిని నొక్కడం. అయితే కోత ఫిల్టరుకి ముందు జరిగితే చెత్త ఫిల్టరులో ఆగుతుంది. ఆఖరి యాంప్లిఫైయర్‌లో జరిగితే పొరుగింట్లో పడుతుంది. పని ఒకటే, చోటు తేడా.

మరి ఎవరి తప్పు వారికి ఎవరు చెప్పాలి? 1934లో ఆర్థర్ బ్రాటెన్ సంకేతాల నాణ్యతకి మార్కుల పద్ధతి తయారుచేశాడు. మాట స్పష్టతకి అయిదు, బలానికి తొమ్మిది పూర్తి మార్కులు. నిజాయితీగా వాడితే ఎంత చక్కటి పద్ధతి! కానీ ఈనాడు హామ్ పోటీల్లో అందరూ అందరికీ 'యాభై తొమ్మిది' ఇచ్చేస్తారు. సరిగ్గా వినపడక పేరు మూడుసార్లు చెప్పించుకుని మరీ ఇస్తారు. మనవాళ్లు పెళ్లి భోజనం గురించి అడిగితే 'దివ్యంగా ఉందండీ' అన్నట్టే. మేడమీది గదిలో మిత్రుడికి ఆ పెద్దాయన చేసినది, ఆలోచిస్తే, చాలా అరుదైన ఉపకారం.

మన దేశంలో ఈ విద్య 1921లో కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తుతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో లైసెన్సులు రద్దయ్యాయి. 1948లో జాతీయ సంఘం ఏర్పడింది. విదేశీ పరికరాలు మనలాంటివాళ్లకి అందుబాటులో ఉండేవి కావు. తయారుచేసుకున్నదే పరికరం. ఈ శతాబ్దం తొలి సంవత్సరాల్లో హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ 'బిట్‌ఎక్స్' అనే సైడ్‌బ్యాండ్ పరికరం రూపొందించి, దాని నమూనాని అందరికీ ఇచ్చేశాడు. కాయిల్ చుట్టడానికి ప్రత్యేకమైన దిమ్మలు దొరక్కపోతే కుళాయి వాషర్లు వాడుకోమన్నాడు! దాని శక్తి ఆరు వాట్లు. మన వంటింటి బల్బుకన్నా తక్కువ. దానితో ఖండాలు దాటినవాళ్లున్నారు. ఆరు వాట్లవాడు బతకాలంటే వెయ్యి వాట్లవాడు తన హద్దులో ఉండాలి మరి.

ఆ హద్దుకి అసలు పరీక్ష ఎక్కడంటే, అరుదైన చోటునుంచి ఎవరైనా పలికినప్పుడు. ప్రపంచమంతా ఒక్కసారి మీదపడుతుంది. అందుకని పిలిచే కేంద్రం ఒక పౌనఃపున్యంలో మాట్లాడి, అయిదారు కిలోహెర్ట్జ్‌ల పైన వింటుంది. ముందుగా వినే ఓపిక లేనివాడు నేరుగా దాని గొంతు మీదే అరుస్తాడు. అతన్ని సరిదిద్దడానికి పదిమంది 'పైన, పైన' అని అక్కడే కేకలేస్తారు. వీళ్లకి హామ్‌లు పెట్టిన పేరు పోలీసులు. వీళ్ల కేకల్లో అసలు కేంద్రం పూర్తిగా మునిగిపోతుంది. 2008లో జాన్ డెవోల్డెరే, మార్క్ డెమ్యూలెనేరె అనే ఇద్దరు బెల్జియం హామ్‌లు మర్యాదల మీద రాసిన పుస్తకంలో ఈ పోలీసులకీ చురకలున్నాయి.

2004 డిసెంబర్‌లో హైదరాబాద్‌లోని జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్లింది. అండమాన్ హామ్ గొంతు వినపడి చాలా ఏళ్లయింది. ప్రపంచం నలుమూలల నుంచీ పిలుపులు కుప్పపడ్డాయి. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది. సునామీ వచ్చింది. టెలిఫోన్లు పోయాయి. అదే గదిలో అదే పరికరం క్షణాల్లో సహాయ కేంద్రమైంది. దీవుల్లో చిక్కుకున్నవాళ్ల క్షేమ సమాచారాలు ప్రధాన భూభాగానికి దాని ద్వారా వెళ్లాయి. అంతవరకూ ఒక్క జవాబు కోసం గొంతు చించుకున్న వేలమందికి అప్పుడు మిగిలిన పని ఒక్కటే: మైకు ముట్టుకోకుండా ఉండటం, సందేశాల పౌనఃపున్యాల దరిదాపులకి రాకుండా ఉండటం. పక్కన ఎక్కడో ఒకడు గెయిన్ పెంచి మాట్లాడితే, ఆ చిటపటల్లో ఒక దీవి పేరో, ఒక మనిషి పేరో పోతుంది.

2006 ఏప్రిల్‌లో హామ్‌లు మళ్లీ అండమాన్ వెళ్లారు. మిత్రుడు మూడు రాత్రులు కూర్చుని పిలిచాడట. మీట సగం దగ్గరే ఉంచానని నాతో ఒట్టేసి చెప్పాడు. నాలుగో రాత్రి జవాబు వచ్చింది. యాభై తొమ్మిది ఇచ్చారు. నిజంగానేనా అని అడగబోయాడు గానీ, అప్పటికే వాళ్లు వెనకున్న ఇంకొకర్ని పిలుస్తున్నారు.