ఆఫ్‌లో ఉన్నా కరెంటు ఉన్నట్టే

బాలానగర్ షెడ్లలో ప్యానెల్ బోర్డులు కట్టే కుర్రాళ్లకు నేను ముందు చెప్పేది చికాగో సంగతి. 1893లో అక్కడి ప్రపంచ ప్రదర్శనలో విద్యుత్ భవనం ధగధగలాడుతుంటే, అగ్నిప్రమాద బీమా కంపెనీల వాళ్లకు కంటి మీద కునుకు లేదు. వైరింగ్ చూసి రమ్మని విలియం హెన్రీ మెరిల్ అనే కుర్ర ఇంజనీరును పంపారు. మరుసటి ఏడు ఆయన మొదలుపెట్టిన చిన్న పరీక్షశాలే అండర్‌రైటర్స్ లేబొరేటరీస్, మన నోట యూఎల్. చిత్రమేమిటంటే, ఆ 1893లోనే చికాగోలో కూడిన అంతర్జాతీయ విద్యుత్ సభ ఇండక్టెన్స్ కొలతకు హెన్రీ అనే పేరు ఖాయం చేసింది. పొడవాటి తీగలో కరెంటును తెంచితే పెద్ద నిప్పురవ్వ లేస్తుందని 1832లో అచ్చువేయించిన జోసెఫ్ హెన్రీ పేరది. ఆ రవ్వను కొలిచేవాళ్లూ, దానికి జడిసేవాళ్లూ ఒకే ఊళ్లో తేలారన్నమాట.

యూఎల్ పుట్టింది నష్టపరిహారం కట్టాల్సిన వాళ్లింట్లో. అందుకేనేమో, ఎంత బాగా పనిచేస్తుందన్న దానికన్నా చెడితే ఎలా చెడుతుందన్నదే దాని మొదటి ప్రశ్నలా నాకు తోస్తుంది. కాంటాక్టర్ కాయిల్ ఎత్తుకునేటప్పుడు లాగే కరెంటు వేరు, పట్టుకున్నాక లాగేది వేరు. అందుకే యూఎల్ లెక్కలో ఏ300 అని రాసిన స్విచ్చు 120 వోల్టుల దగ్గర 60 ఆంపియర్లను కలపగలగాలి, 6 తెంచగలగాలి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి ఏసీ-15 తరగతిలోనూ ఇదే పదింతల లెక్క. రిలేల కాలంలో దీన్ని ఎవరికీ వివరించాల్సిన పని లేదు. నల్లబడ్డ పాయింట్లే చెప్పేవి.

1957లో జనరల్ ఎలక్ట్రిక్ ఎస్‌సీఆర్ అనే సెమీకండక్టర్ స్విచ్చును బయటపెట్టింది. తర్వాత అదే జాతిది, ఏసీకి రెండు వైపులా పనిచేసే ట్రయాక్ వచ్చింది. కదిలే పాయింటు లేదు, రవ్వ లేదు, పీడ విరగడైందనుకున్నారు. కాలేదు. ట్రయాక్ ఆగేది కరెంటు సున్నాకు దిగినప్పుడే. కాయిల్‌లో కరెంటు వోల్టేజి వెనక నడుస్తుంది గనక, అది సున్నా అయ్యేసరికి వోల్టేజి ఎక్కడో పైన ఉండి ఒక్కసారిగా ట్రయాక్ నెత్తిన పడుతుంది. ఆ ఊపుకు గేటులో సిగ్నల్ లేకుండానే మళ్లీ ఆన్ అయిపోవచ్చు. ఊపు తగ్గించడానికి రెసిస్టరూ కెపాసిటరూ కలిపి స్నబ్బర్ కట్టారు. ఇప్పుడు ఆ స్నబ్బర్ గుండానే, ఆఫ్‌లో కూడా, కొన్ని మిల్లీఆంపియర్లు కారుతూంటాయి. లోడు చిన్న రిలే అయితే పట్టినది వదలకపోవచ్చు. పైగా ట్రయాక్ పోయినప్పుడు చాలాసార్లు షార్టయి పోతుంది. అంటే ఆన్‌లోనే ఉండిపోతుంది.

మన ఇళ్లలోకి ఈ గొడవ ఫ్యాను రెగ్యులేటర్ రూపంలో వచ్చింది. ఫ్యానులో ఉన్నదీ కాయిలే కదా. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లకని ఐఎస్ 11037 ప్రమాణం 1984లో వచ్చింది.

సెమీకండక్టర్ కంట్రోలర్లకు ఐఈసీ 60947-4-3 పెట్టిన షరతుల్లో నాకు బాగా నచ్చేది ఒకటుంది. ఆఫ్‌లో ఉన్నా సరే, లోడు టెర్మినళ్లను ఎప్పుడూ లైవ్‌గానే లెక్కగట్టాలి. అందుకే ట్రయాక్ లాంటివాటితో నడిచే సాలిడ్ స్టేట్ రిలేకు, అంటే ఎస్ఎస్ఆర్‌కు, ముందు మెకానికల్ ఐసోలేటర్ ఉండాల్సిందే. "ఎస్ఎస్ఆర్ ఉందిగా సార్, మళ్లీ ఇదెందుకు దండగ" అనే పార్టీలు ఇప్పటికీ తగులుతుంటాయి. వాదన పెట్టుకోను. లోడు వైరు ఊడదీసి, ఎస్ఎస్ఆర్ ఆఫ్ చేసి, టెర్మినల్ మీద టెస్టర్ ఆనిస్తాను. వెలుగుతుంది. ఐసోలేటర్ కొటేషన్‌లోకి ఎక్కుతుంది.