పాత ఇళ్ళను ఎవరు కాపాడాలి? ముంబయి వారసత్వ కమిటీ చేసే పని

ముంబయిలో పాత కట్టడం అనగానే మనకి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, హైకోర్టు గుర్తొస్తాయి. అవి ప్రభుత్వానివి కాబట్టి వాటికి వచ్చిన భయమేమీ లేదు. మరి మనుషులు కాపురాలుండే పాత ఇళ్ళ మాటేమిటి? ఒక యజమాని తన సొంత ఇల్లు కూల్చుకుంటానంటే ఆపే హక్కు ఎవరికైనా ఉందా? ఆపితే అతని నష్టం ఎవరు పూడుస్తారు? ఈ ప్రశ్నలకు మన నగరం ఏం జవాబు చెప్పిందో ఈ వ్యాసంలో చూద్దాం.

దేశంలో 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ఉంది. అది కోటలకు, గుహలకు, గుడులకు బాగా పనికొచ్చింది. కానీ వీధిలోని ఇళ్ళకు అది వర్తించలేదు. అందుకే 1995లో బొంబాయి నగరానికి వారసత్వ నిబంధనలు వచ్చాయి. నగరాభివృద్ధి నియమాల్లో 67వ నిబంధనగా వీటిని చేర్చారు. ఇలాంటి పని మొదలుపెట్టిన తొలి నగరాల్లో మనది ఒకటి. దీన్ని చూసుకోడానికి ముంబయి వారసత్వ పరిరక్షణ కమిటీని పెట్టారు. అందులో ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు, నగర చరిత్ర తెలిసినవాళ్ళు ఉంటారు. జాబితాలో ఉన్న ఇంటిని మార్చాలన్నా, కూల్చాలన్నా మున్సిపల్ కమిషనరు ముందు ఈ కమిటీ సలహా తీసుకోవాలి.

కమిటీ అన్ని ఇళ్ళనూ ఒకే తీరుగా చూడదు. కట్టడాలను గ్రేడ్లుగా విడదీశారు. గ్రేడ్ 1 అంటే దేశానికే ముఖ్యమైనవి. వాటికి మరమ్మతు తప్ప పెద్ద మార్పులు చేయకూడదు. గ్రేడ్ 2 ఊరికి ముఖ్యమైనవి. వాటిలో లోపల కొన్ని మార్పులు చేసుకోవచ్చు. గ్రేడ్ 3 అంటే ఆ వీధికి అందం, గుర్తింపు తెచ్చేవి. వీటికి ఇంకాస్త వెసులుబాటు ఉంది. ఒక్కొక్క ఇల్లే కాకుండా మొత్తం పేటను కూడా జాబితాలో చేర్చవచ్చు. ఎందుకంటే పది పాత ఇళ్ళ మధ్య ఒక అద్దాల టవరు లేస్తే మిగతా తొమ్మిదీ ఉన్నా వీధి పోయినట్టే కదా.

నాకు బాగా నచ్చింది డబ్బు సంగతి. వద్దు అని చెప్పి ఊరుకుంటే ఏ యజమానీ వినడు. అందుకని జాబితా వల్ల ఎవరైనా తన స్థలంలో పైన కట్టుకునే హక్కు కోల్పోతే, ఆ హక్కును టి.డి.ఆర్. పత్రంగా ఇస్తారు. దాన్ని వేరేచోట కట్టేవాళ్ళకి అమ్ముకోవచ్చు. ఇల్లు నిలబడుతుంది, యజమాని చేతికి డబ్బూ వస్తుంది. ఇంటిని బాగా చూసుకుంటే దాన్ని వేరే పనికి వాడుకోడానికి కూడా కమిటీ సిఫారసుతో అనుమతి దొరకవచ్చు.

మరి ఫలితం ఏమిటి? రెండు రకాలుగా ఉంది. ఓవల్ మైదానం పక్కన, మెరైన్ డ్రైవ్ మీద ఉన్న ఆర్ట్ డెకో భవనాలు చాలావరకు జనం కాపురముండే అపార్టుమెంట్లే. 2018లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంలో చేర్చింది. గిర్‌గావ్‌లోని ఖోతాచివాడి కథ వేరు. చెక్క మెట్లు, వరండాలు ఉన్న ఇళ్ళు అక్కడ ఒకప్పుడు 65 దాకా ఉండేవట. ఇప్పుడు అందులో సగం కూడా లేవు. వాటి చోట ఎత్తయిన భవనాలు లేచాయి.

దీనికి కారణం యజమానుల ఆశ ఒక్కటే కాదు. 1947 అద్దె చట్టం పాత అద్దెలను 1940 నాటి స్థాయి దగ్గరే ఆపేసింది. ఆ అద్దెతో ఒక కిటికీ కూడా బాగుచేయించలేరు. 2012లో కమిటీ కొత్త జాబితా ప్రతిపాదించినప్పుడు శివాజీ పార్కు లాంటి చోట్ల జనమే వద్దన్నారు. మా ఇల్లు జాబితాలోకెక్కితే కొత్త ఇల్లు ఎప్పుడు వస్తుందని వాళ్ళ భయం.

ఇక మన తెలుగువాళ్ళ విషయానికొద్దాం. కామాటిపుర అనే పేరే నిజాం రాజ్యం నుంచి కట్టడపు పనికి వచ్చిన మన కామాటీల వల్ల వచ్చింది. తర్వాత కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు మిల్లుల్లో పనికి వచ్చి చాళ్ళలో ఉన్నారు. 1920లలో కట్టిన బి.డి.డి. చాళ్ళు వర్లీ, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్, శివడీలలో మొత్తం 207. ఒక్కో గది 160 చదరపు అడుగులు. ఇప్పుడు వాటిని కూల్చి ఒక్కో కుటుంబానికి 500 చదరపు అడుగుల ఇల్లు ఇస్తున్నారు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి 556 కుటుంబాలకు తాళాలు అందాయి.

చాళ్ళలో చాలా ఏళ్ళున్న మా నానమ్మను చాల్ ఉంచాలా, కూల్చాలా అని అడిగాను. "ఖోలి చిన్నదే బిడ్డా, కానీ పగటిపూట తలుపు పెట్టుకున్నది లేదు. అట్లని మళ్ళ ఆ సండాసు లైన్ల నిలబడుమంటే నాతోని కాదు" అన్నది. ఏ కమిటీ అయినా ముందు వినాల్సిన మాట ఇదే అనిపించింది. చరిత్ర పేరు చెప్పి ఎవర్నీ కారే కప్పు కింద ఉంచకూడదు.

అలాగని చాల్ చరిత్ర కాదని కూడా అనలేం. డాక్టర్ అంబేడ్కర్ పరేల్‌లోని బి.ఐ.టి. చాల్లో చాలా ఏళ్ళు కాపురమున్నారు. గొప్పవాళ్ళు గొప్ప బంగళాల్లోనే పుట్టి పెరగలేదు. అందుకే నా అభిప్రాయం ఏమిటంటే, కూల్చక తప్పనిచోట కూల్చే ముందు ప్రతి చాల్ నమూనా గీయాలి, ఫొటోలు తీయాలి, అక్కడివాళ్ళ మాటలు రాసిపెట్టాలి. ఒక్క చాల్ అయినా వరండాతో, నీళ్ళ కుళాయితో సహా నిలబెట్టాలి.

ఈ పనికి కమిటీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. టేపుతో మన గది కొలిచి, అందులో ఎవరెవరు ఎన్నేళ్ళు ఉన్నారో పెద్దవాళ్ళనడిగి ఒక నోటుబుక్కులో రాయవచ్చు. మన పాఠశాలలో చాళ్ళ నుంచి వచ్చే పిల్లలు చాలామంది ఉన్నారు. వచ్చే సెలవుల్లో తలా ఒక గది రాసినా చాలు, ముంబయి తెలుగువాళ్ళ ఇళ్ళ జాబితా మన గ్రంథాలయంలోనే తయారవుతుంది.